ఊపిరి బిగబట్టి మునిగే ‘అమా’లు

జపానుదేశపు షిమా ద్వీపకల్పంలో అమాలు పనిచేసే వేళ సముద్రం మీదనుండి సన్నని ఈల వినిపిస్తుంది. అది పక్షి కూత కాదు. నీటి అడుగునుండి పైకి తేలిన స్త్రీ మెల్లగా విడిచే ఊపిరి. దానిని ‘ఇసోబుయె’ అంటారు. ‘అమా’ అనగా సముద్రపు స్త్రీ.

వీరు ముత్యాల కొరకే మునుగుతారనుకోవడం పొరపాటు. మికిమోటో కోకిచి 1893లో అర్ధగోళపు ముత్యాలను పెంచగలిగిన తరువాత, ఆ పరిశ్రమకు అమాలు తోడ్పడిన మాట నిజమే. కాని వారి ప్రధాన జీవనాధారం ఆబలోనీ అనే విలువైన సముద్రపు నత్త, సముద్రపు నాచు.

గాలితొట్టెలు లేకుండా, ఒక్క ఊపిరితో వీరు సుమారు నిమిషంసేపు నీటిలో ఉంటారు. 10 మీటర్ల లోతున పీడనం రెండింతలై, ఊపిరితిత్తులలోని గాలి సగానికి కుదించుకుపోతుంది. 20 మీటర్ల లోతున మూడోవంతే. అంత లోతుకు పోయే అమా బరువు పట్టుకొని దిగుతుంది. త్రాడు గుంజి సైగచేయగానే పడవలోని మనిషి, తరచు భర్తే, పైకి లాగుతాడు. శ్రమ తగ్గితే ఆమ్లజని మిగులుతుంది గదా!

మునిగేముందు గబగబా పదేపదే గాలి పీలిస్తే ఇంకా ఎక్కువసేపు ఉండవచ్చునని తోచవచ్చు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. ఊపిరి తీసుకోవాలనే ఆరాటాన్ని ముఖ్యంగా పుట్టించేది ఆమ్లజని కొరత కాదు, రక్తంలో పెరిగే బొగ్గుపులుసు వాయువు. అతిగా శ్వాసిస్తే ఆ వాయువు తగ్గిపోతుంది. ఆమ్లజని నిల్వ మాత్రం అంతగా పెరగదు. కనుక శరీరం చేసే హెచ్చరిక ఆలస్యమవుతుంది. పైకి వచ్చేటప్పుడు పీడనం తగ్గి, ఊపిరితిత్తులనుండి రక్తంలోకి ఆమ్లజని చేరడం మందగిస్తుంది. నీటిమట్టానికి కొద్ది అడుగుల దిగువన స్పృహ తప్పవచ్చు. చెరువులో పందెంవేసి మునిగే పిల్లలకూ ఈ ముప్పు ఉన్నది.

అనుభవమున్న అమా దిగేముందు కొద్ది క్షణాలే, మితంగా ఊపిరి తీసుకుంటుంది. పైకి వచ్చాక తేలే తొట్టెను పట్టుకొని, ఈలవేస్తూ అలసట తీర్చుకున్న తరువాతనే మళ్ళీ మునుగుతుంది.