పిడుదు కాటు – ప్రకృతి చికిత్స

పశువులకు పట్టు పిడుదులను ఎఱుగని రైతు లేడు. అమెరికా దేశమున జింకలపై బ్రతుకు వేఱొక జాతి పిడుదు మనుష్యులకు లైమ్ జబ్బును తెచ్చుచున్నది. 1975లో కనెక్టికట్ రాష్ట్రమందలి లైమ్ పట్టణ ప్రాంతమున పిల్లలకు కీళ్లవాపులు కలుగుటచే దానికాపేరు వచ్చెను. మన బిడ్డలనేకులు ఆ దేశమున నున్నారు గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము.

తొలుతనే డాక్సీసైక్లిన్ వంటి మందు వాడిన పెక్కుమందికి గుణమిచ్చును. కొందఱికి మాత్రము బడలికయు నొప్పులును నెలల తరబడి విడువవు. అట్టివారికి మూలికలు, వెండినీరు అమ్మజూపువారు కలరు. మూలికలు ఈ జబ్బును కుదుర్చునను రుజువు లేదు. వెండినీరు త్రాగిన చర్మము శాశ్వతముగా నీలివర్ణమగుటయు కలదు. అట్లని క్రిమిసంహారక మందులనే నెలలకొలది మ్రింగినను నిలుకడయైన లాభము లేదని పరీక్షలలో తేలినది.

ప్రకృతివలన కలుగు మేలు వేఱు. కంటినిండ నిద్ర, విశ్రాంతి, శక్తికొలది మెల్లగా పెంచు నడక దేహమునకు బలమిచ్చును. అన్నిటికన్న మేలు, గడ్డిలో తిరిగివచ్చిన దినముననే ఒడలు వెదకి, పిడుదును సన్నని పట్టకారుతో తిన్నగా లాగివేయుట. ఒక దినము గడవకమున్నే తీసిన జబ్బు అంటుట అరుదు. చర్మముపై ఎఱ్ఱని మచ్చ వ్యాపించినచో ఆలసింపక వైద్యుని చూడవలెను. మీ బిడ్డలకు ఈ మాట తెలియజేయుడని కోరుచున్నాము.