జారవా అడవి బాటలో డ్రైవర్లకు డ్రైవర్లే కాపలా

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్): దక్షిణ అండమాన్‌లోని జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం వద్ద తెల్లవారక మునుపే బస్సులు, టాక్సీలు, సరకు లారీలు బారులు తీరుతాయి. ఉదయం 6 గంటలకు గేటు తెరుచుకోగానే, ముందు వెనుకల పోలీసు కాపుతో తొలి కాన్వాయ్ జారవాల రక్షిత అరణ్యంలోకి ప్రవేశిస్తుంది. అక్కడినుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు, అంటే సుమారు 50 కిలోమీటర్ల మేర, గంటకు 40 కి.మీ. వేగం మించరాదు. ముందు వాహనాన్ని దాటిపోరాదు. మధ్యలో ఆపరాదు. ఫొటోలు తీయరాదు. జారవాలకు బిస్కట్టు ముక్క సైతం ఇవ్వరాదు.

నిబంధనలు ఇంత కఠినంగా ఉన్నప్పటికీ వాటి అమలు చాలావరకు స్టీరింగు పట్టినవారి చేతుల్లోనే ఉంది. అడవి మలుపుల్లో ఏ టాక్సీ ఎక్కడ నెమ్మదించిందో, ఏ కిటికీ అద్దం కిందికి దిగిందో ముందుగా తెలిసేది దాని వెనుక వస్తున్న డ్రైవరుకే.

ఔత్సాహికుల కారు పందేలలోనూ పరిస్థితి ఇటువంటిదే. ఒకప్పుడు మద్రాసు సమీపాన షోలవరం పాత రన్‌వేపైన, 1990లో ప్రారంభమైన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పైన పోటీపడినవారిలో ఇతర వృత్తుల్లో ఉంటూ సరదా కొద్దీ దిగినవారు అనేకులు. మలుపుల వద్ద జెండాలతో అధికారులు ఉంటారు. పసుపు జెండా ఊపితే దాటిపోవడం నిషిద్ధం. అయినా కట్టు తప్పినవాడిని మొట్టమొదట పసిగట్టేది అన్యాయంగా వెనుకబడినవాడే. రుసుము చెల్లించి లిఖితపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేసే హక్కును సైతం అంతర్జాతీయ క్రీడా నియమావళి పోటీదారులకే ఇచ్చింది. ప్రేక్షకునికి ఆ హక్కు లేదు.

జారవా బాటలో ఈ సూత్రం సగమే పనిచేస్తుంది. వంతెన పూర్తయ్యేవరకు మిడిల్ స్ట్రెయిట్‌లో వాహనాలు పంటు ఎక్కి దాటవలసిందే. వరుస తప్పి ముందుకు దూకినవాడికి పంటులో చోటు ముందు దొరుకుతుంది గనుక తోటి డ్రైవర్లు దానిని సహించకపోవడం సహజం. కాని ఒక టాక్సీ నెమ్మదించి ప్రయాణికులకు జారవాలను చూపిస్తే వెనుక టాక్సీకి పోయేదేమీ లేదు. దాని ప్రయాణికులూ తొంగిచూస్తారు. పైగా బారాటాంగ్ సున్నపురాతి గుహలకు బయలుదేరిన పర్యాటకుని కోరికను కాదన్న డ్రైవరుకే బేరం పోతుందన్న భయం. నష్టపోయే జారవా ఈ పోటీలో లేడు. అతని అభ్యంతరం స్వీకరించే బల్లా లేదు.

ఆ నష్టం మాటవరసకు చెబుతున్నది కాదు. 2011 జనగణనలో జారవాల సంఖ్య 380. 1999లోను, 2006లోను వీరికి తట్టు సోకింది. రక్షిత ప్రాంతంలో అండమాన్ ట్రంక్ రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002 మే నెలలో ఆదేశించినా రాకపోకలు ఆగలేదు. ఉత్తర, మధ్య అండమాన్ వాసులకు ఆసుపత్రికైనా, సరకులకైనా ఈ దారే ముఖ్యమైనదన్న వాదనను కూడా తోసిపుచ్చలేము.

2012 జనవరిలో, ఆహారం ఆశచూపి జారవా స్త్రీలచేత నాట్యం చేయించిన వీడియోను బ్రిటన్ పత్రిక అబ్జర్వర్ బయటపెట్టడంతో దేశవ్యాప్తంగా నిరసన వ్యక్తమైంది. ఆ ఏడాదే 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను సవరించి శిక్షలు పెంచారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఈ దారిన పర్యాటకుల ప్రయాణాన్ని నిషేధించి, మార్చిలో ఆ ఉత్తర్వును ఎత్తివేసింది. ఈ వ్యవహారాన్ని వెలుగులోకి తెచ్చింది ఒక విదేశీ పత్రిక కావడం గమనార్హం.

కాగా, 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో 100కు సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ అనేకం. విశాఖనుంచి ఓడలో దిగిన పర్యాటకుడు "జారవాలను చూపిస్తావా బాబూ" అని తెలుగులోనే అడగగలిగే ఊరది.