వీధి కార్లలో అల్యూమినియము రాడ్డులు

అధికవేగమునకై తీర్చిన కారు ఇంజనులో మిక్కిలి కఠినమైన కొలువు కనెక్టింగ్ రాడ్డుది. పిస్టనును క్రాంకుషాఫ్టుతో కలుపు ఈ దండమునకు, మంట చెలరేగి నొక్కునప్పటికంటె, పొగ వెడలిపోవువేళ పైకొసకు దూసికొనిపోయిన పిస్టనును పట్టి వెనుకకు లాగునప్పుడే యెక్కువ గండము. 88 మి.మీ. స్ట్రోకుగల ఇంజను నిమిషమునకు 7000 చుట్లు తిరుగుచుండగా, అరకిలో పిస్టను ఆ క్షణమున దండమును ఇంచుమించు ఒకటిన్నర టన్నుల బలముతో సాగదీయును. దండము తేలికయైనకొలది క్రాంకుషాఫ్టుపై భారము తగ్గును గనుక, సాంద్రతలో ఉక్కునకు మూడవవంతు మాత్రమే తూగు అల్యూమినియముపై వేగప్రియుల చూపు పడుట సహజమే.

అమెరికాలో నైట్రోమీథేనుతో పరుగిడు టాప్ ఫ్యూయల్ డ్రాగ్ బండ్లలో ఈ లోహమునకే పెద్దపీట. ఉక్కువలె బిఱుసుగా నుండక ఒకింత యొదిగి, ఆ ఇంధనపు విస్ఫోటముల యదటును తాను మ్రింగి, క్రింది బేరింగులను కాపాడుటయే యచ్చట దాని గొప్పగుణము. అయితే ఆ బండి 1000 అడుగుల పందెమును నాలుగు సెకన్లలోపే ముగించును; ఆ లోపల ఇంజను వేయి చుట్లైనను తిరుగదు; పిదప దానిని విప్పి, అలసిన రాడ్డులను మార్చివేయుదురు.

వీధిలో 3000 చుట్ల వేగమున ఒక్క గంట నడచిన కారు 1,80,000 చుట్లు పూర్తిచేయును. ఇన్నిసార్లు లాగబడిన లోహము అలయును గాని, ఉక్కునకు ఒక హద్దు కలదు. ఆ హద్దునకు లోబడిన ఒత్తిడిని అది కోట్లకొలది పర్యాయములు సహింపగలదు. అల్యూమినియమునకు అట్టి హద్దు లేదు: ప్రతి లాగుడును, ఎంత స్వల్పమైనను, దాని ఆయువులో కొంత హరించుచునే యుండును. నా అభిప్రాయమున ఈ విషయమున నిర్ణాయకమైనది ఇదొక్కటియే.

వేడిమి వలన చిక్కులు వేరు. 80 డిగ్రీలు వేడెక్కిన 150 మి.మీ. అల్యూమినియము దండము దాదాపు 0.28 మి.మీ. పెరుగును, ఉక్కుదండము అందులో సగమే. అందుచే పిస్టనునకును హెడ్డునకును నడుమ ఉక్కుతో 1 మి.మీ. చాలినచోట 1.5 మి.మీ. వఱకు విడువవలసి వచ్చును. క్రాంకుషాఫ్టును పట్టు పెద్దకన్ను సైతము వ్యాకోచించి బేరింగు పట్టు సడలును గనుక, షెల్లు తిరిగిపోకుండ చిన్న పిన్ను దిగగొట్టుదురు. బలమునకై దండమును లావుగా చేయుటచే, అది బ్లాకునకును క్యాముషాఫ్టునకును తగులకుండ చోటు చూడవలయును.

ఇట్లున్నను వీధికారులలో ఇవి లేకపోలేదు: 1928లో వెలువడిన డ్యూజెన్‌బర్గ్ మోడల్ జె కారులో, 265 హార్స్‌పవర్ ప్రకటించిన ఆ ఘనమైన ఇంజనులో, అల్యూమినియము రాడ్డులే యుండెను. సూపర్‌చార్జరు తగిలించి ఎస్.జె.గా మలచినప్పుడు నిర్మాతలు గొట్టపు ఉక్కురాడ్డులకు మారిరి.

వీధికారులోను ఇవియే కావలయునని పట్టుపట్టువాడు, చమురు బాగుగ వేడెక్కునంతవఱకు యాక్సిలరేటరు త్రొక్కక, నడచిన మైళ్ల లెక్క వ్రాసికొని, చెడకమునుపే రాడ్డులను మార్చుకొనవలయును. అంత ఓపిక లేనివానికి మేలైన ఫోర్జింగు ఉక్కురాడ్డు సరిపోవును.