నలభై నాలుగు రోజుల అతిథి

భయంతో ముడుచుకుపోయిన కుక్కపిల్లకు మనుషులను నమ్మడం నేర్పాలి. అది నేర్చుకున్నాక, దానిని వేరొకరి చేతికి అప్పగించాలి.

2024 డిసెంబరులో ఒక ఉదయం. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా క్వార్టరు మెట్ల కింద, పాత గోనెసంచి మీద, ఒక కుక్కపిల్ల వణుకుతూ కనిపించింది. ముందునాటి రాత్రి దాని తల్లి కారు కింద పడి చనిపోయింది. తోడబుట్టిన రెండింటిని ఎవరో తీసుకువెళ్ళారు. ఇది మాత్రం మనిషి చెయ్యి చాపితే చాలు, గోడలోకి దూరిపోవాలన్నట్టు వెనక్కు జరుగుతున్నది.

"ఎవరైనా పెంచుకునేవాళ్ళు దొరికేదాకా మీ ఇంట్లో ఉంచండి, భాయీసాహెబ్" అన్నది పై అంతస్తులో ఉండే పంజాబీ ఇల్లాలు.

నా భార్య ఒప్పుకున్నది, ఒక షరతు మీద. "దీనికి పేరు మాత్రం పెట్టకండి. పేరు పెడితే మనదైపోతుంది." ఆమె మాటలో న్యాయం ఉన్నది. క్వార్టరు ఆమె ఉద్యోగం మీద వచ్చినది. బదిలీ ఉత్తర్వు వస్తే మేమే ఇల్లు వెతుక్కోవాలి. అటువంటి మేము మరొక ప్రాణికి శాశ్వతమైన ఇల్లు ఎలా ఇవ్వగలం?

పశువైద్యుడు పరీక్షించి, మొదటి టీకా వేశారు. "ఆడపిల్ల. ఏడు వారాల వయస్సు ఉండవచ్చు. ఆరోగ్యానికేమీ లోటు లేదు. కాని మీకు వ్యవధి తక్కువ" అన్నారు.

ఆ మాటలోని అర్థం తరువాత తెలిసింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ వద్ద ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో కొందరు శాస్త్రజ్ఞులు కుక్కపిల్లలను మనుషుల పొడ సోకకుండా పెంచి, వేరువేరు వయస్సులలో మనుషులకు అలవాటు చేసి చూశారు. 1961లో ఆ ఫలితాలు ప్రకటించారు. తొలి వారాలలో మనిషి స్పర్శ ఎరిగినవి సులభంగా మచ్చికయ్యాయి. పధ్నాలుగు వారాల దాకా మనిషినే చూడనివి ఆ తరువాత ఎంత లాలించినా బెదురుతూనే ఉన్నాయి. సుమారు మూడవ వారంలో తెరుచుకునే ఆ ద్వారం పన్నెండు, పధ్నాలుగు వారాలకు మూసుకుపోవడం మొదలవుతుంది. మా అతిథికి సగం కాలం అప్పుడే గడిచిపోయింది.

మొదటి నాలుగు రోజులు అది మంచం కింద నుంచి బయటకు రాలేదు. దానిని లాగవద్దన్నారు డాక్టరు. కళ్ళలోకి సూటిగా చూడకూడదు. తల మీదుగా చెయ్యి చాపకూడదు. నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, మన పని మనం చేసుకుంటూ ఉండాలి. ఉడికించిన గుడ్డు కలిపిన అన్నం గిన్నెను రోజూ జానెడు మన వైపుకు జరుపుతూ పోవాలి. దగ్గరకు రావలసింది అది; మనం కాదు.

అయిదవ రాత్రి నేను నేల మీద కూర్చుని ఒక అనువాదం దిద్దుకుంటున్నాను. పాదానికి ఏదో చల్లగా, తడిగా తగిలింది. దాని ముక్కు! కదలకుండా కూర్చోవడం అంత కష్టమని నాకు అంతవరకు తెలియదు.

తరువాత శబ్దాల పాఠం. కుక్కరు ఈల వేసే వేళకు వంటింటి తలుపు మూసి, దూరపు గదిలో దానికి గుడ్డుముక్క పెట్టేవాళ్ళం. వారం గడిచాక తలుపు కొంచెం తెరిచాం. టీకాలు పూర్తి కానందున వీధిలో దింపడానికి వీలులేదు. అందుచేత శాలువాలో చుట్టి, ఎత్తుకుని తిప్పాను. కూరగాయల బండి, బడిపిల్లల కేకలు, ఏడవ సెక్టారులో కొండ మీది మలై మందిర్ గంటలు, అన్నీ అది నా చంకలో నుంచే తెలుసుకున్నది.

నూతన సంవత్సరపు రాత్రి ఎవరో టపాకాయలు కాల్చారు. మూడు వారాల శ్రమ ఒక్క క్షణంలో మంచం కిందికి పోయింది. అయితే ఈసారి అది బయటికి రావడానికి నాలుగు రోజులు పట్టలేదు. మరునాటి సాయంత్రానికే వచ్చింది.

భారతంలో ఆదిపర్వారంభాన సరమ కథ ఉన్నది. యాగశాలలో ఆడుకుంటున్న కుక్కపిల్లను, అది ఏ తప్పూ చేయకున్నా, జనమేజయుని తమ్ములు కొట్టారు. తల్లి సరమ వచ్చి, అకారణంగా భయం మిమ్మల్ని వెన్నాడుతుందని హెచ్చరించింది. అకారణ భయాన్ని మించిన శిక్ష ఆమెకు తోచలేదన్నమాట. వీధి కుక్కపిల్లలు ఎన్నో ఆ శిక్షను పుట్టుకతోనే అనుభవిస్తున్నాయి. బెదిరిన కుక్కే తరచుగా కరుస్తుంది కూడా.

కుక్కకాట్ల బెడద చిన్నదేమీ కాదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని పరిసరాలలోని వీధికుక్కలను ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. అదే నెల 22న ఆ ఉత్తర్వును సవరిస్తూ, సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు పూర్తిచేసి, పట్టిన చోటనే వదలాలన్నది. రేబిస్ సోకినవాటికి, మీద పడి కరిచేవాటికి మాత్రం మినహాయింపు లేదు. దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధికి రాకుండా చూడవలసిన బాధ్యత తీసుకున్నవారిదేనని కూడా చెప్పింది. ఆ వార్తలు చదువుతున్నప్పుడు, మా మెట్ల కింద వణికిన ఆ ప్రాణికి అప్పటికే ఒక ఇల్లు ఉన్నదన్న సంగతి నాకు కొండంత ఊరట.

ఆ ఇల్లు తేలికగా దొరకలేదు. ఒకరు గేటుకు కట్టివేస్తామన్నారు. ఇంకొకరు ఆడది వద్దన్నారు. మరొకరు పిల్లవాడి పుట్టినరోజు కానుకగా అడిగారు. చివరకు ద్వారక నుంచి ఒక కుటుంబం మూడు ఆదివారాలు వరుసగా వచ్చింది. వారి పదేళ్ళ అమ్మాయి ప్రతిసారీ నేల మీద పక్కకు తిరిగి కూర్చున్నది, నేను చెప్పినట్టే. మూడవ ఆదివారం కుక్కపిల్ల తనంతట తాను వెళ్ళి ఆమె ఒడిలో తల పెట్టింది.

జనవరిలో, నలభై నాలుగవ నాడు, దానిని పంపించాం. దాని వాసన పట్టిన పాత శాలువా కూడా ఇచ్చాం. రేబిస్ టీకా అప్పటికే వేయించాం. ఈడు రాగానే శస్త్రచికిత్స చేయిస్తామని వారు మాట ఇచ్చారు. పేరు పెట్టవద్దన్న మనిషే గుమ్మంలో నిలబడి "వెళ్ళిరా, అమ్మడూ" అన్నది. మొదటి వారం నుంచీ ఆమె దానిని అలాగే పిలుస్తున్నదని నాకు అప్పుడు గాని తట్టలేదు.

మూడవ నాడు ఆ అమ్మాయి టెలిఫోను చేసింది. "అంకుల్, 'ఆవో' అంటే అది రావడం లేదు. మీరు ఏమని పిలిచేవారు?"

"'రామ్మా' అని పిలిచి చూడు" అన్నాను.

ఆమె వచ్చీరాని తెలుగులో ఆ మాట అన్నది. ఒక క్షణం నిశ్శబ్దం. ఆ తరువాత ఆ ఇంటి గచ్చు మీద చిన్న గోళ్ళ చప్పుడు టకటకమని దగ్గరపడుతూ నా చెవిన పడింది.