మైసూరులో ఆకలేస్తే...

మైసూర్‌పాక్ తెలియని పెళ్లివిందు ఉండదు. మైసూరు బోండా లేని టిఫిన్ సెంటర్ తెలుగు నాట కనపడదు. ఇక మైసూరు మసాలా దోసె సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క ఊరి పేరు ఇన్ని వంటకాలకు ఇంటిపేరైంది. మరి అంత పేరున్న ఆ ఊళ్లో ఏం తింటారు, ఎక్కడ తింటారు? ప్యాలెస్, జూ, చాముండి కొండ చూసి వచ్చేసేవారు చాలామంది ఆ రుచుల జోలికి వెళ్లకుండానే తిరుగు ప్రయాణమవుతుంటారు. ఈసారి వెళ్తే మాత్రం కాస్త సమయం కడుపుకీ కేటాయించండి!

ముందుగా ఓ చిన్న హెచ్చరిక. మన వీధి చివర బండి మీద దొరికే బోండాని అక్కడ వెతక్కండి. మైదాలో పుల్లటి పెరుగు, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి మనం వేసుకునేది మంగుళూరు వాళ్ల గోళీ బజ్జీకి దగ్గరి చుట్టం. కన్నడిగులు మైసూరు బోండా అని పిలిచేది మినప్పప్పు రుబ్బి, మిరియాలు, కొబ్బరి ముక్కలు వేసి చేసేది. పేరు ఒకటే, పిండి వేరు!

రెండు మైలారిలు... రెండూ ‘అసలే’!

నజర్‌బాద్‌లో పొద్దున్నే జనం గుమిగూడి ఉన్నారంటే అక్కడ మైలారి ఉన్నట్టే. 1938 నుంచీ దోసెలు పోస్తున్న పేరది. పెద్ద హాలు, మెరిసే బల్లలు ఊహించుకోవద్దు. చిన్న గది, నాలుగు బెంచీలు. తెలియనివాళ్ల పక్కన సర్దుకుని కూర్చోవాల్సిందే. ఇడ్లీ, దోసె, కాఫీ... మెనూ దాదాపు అంతే.

అరిటాకు ముక్క మీద వచ్చే ఆ దోసె చూడ్డానికి చిన్నది. కరకరలాడదు. దూదిలా మెత్తగా ఉంటుంది. పైన వెన్నముద్ద, లోపల ఉల్లిపాయ, కొబ్బరి వేసి వండిన పల్యం, పక్కన కొబ్బరి చట్నీ. ఎర్రకారం పూసి, బంగాళదుంప కూర పెట్టి, కరకరలాడేలా కాల్చిన ‘మైసూరు మసాలా’ ఊహించుకుని వెళ్లినవారు మొదట తెల్లబోతారు. రెండో దోసెకి ఆర్డరిచ్చేది కూడా వాళ్లే!

తమాషా ఏమిటంటే అదే వీధిలో కొద్ది అడుగుల దూరంలోనే మైలారి పేరుతో రెండు హోటళ్లున్నాయి. అసలైనది మాదంటే మాదని రెండింటి బోర్డులూ చెబుతాయి. ఊళ్లోవాళ్లు కూడా ఈ విషయంలో రెండు పార్టీలే. కొత్తగా వెళ్లినవారికి మేలైన మార్గం... తగువు తీర్చకుండా రెండు చోట్లా తలో దోసె తినేయడం.

మైలారిలో చోటు దొరకనివారికి చాముండిపురం వైపు ‘గాయత్రి టిఫిన్ రూమ్’ ఉంది. ఊళ్లో అంతా ‘జీటీఆర్’ అనే అంటారు. సెట్ దోసె, మసాలా దోసె, పొగలుకక్కే ఫిల్టర్ కాఫీ... ఆదివారం పూట కుటుంబాలు కలిసొచ్చే చోటు.

మధ్యాహ్నం... మన భోజనం

కన్నడ దేశంలో ‘ఆంధ్రా స్టైల్’ అన్న బోర్డుకి ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. మైసూరులో ఆ ముచ్చట తీర్చేది గాంధీ స్క్వేర్‌లోని ‘ఆర్ఆర్ఆర్’. 2022లో వచ్చిన సినిమాకీ దీనికీ సంబంధం లేదు. హోటలే చాలా ముందు నుంచీ ఉంది! అరిటాకు వేసి పప్పు, పొడి, నెయ్యి వడ్డిస్తారు. కావాలన్నవారికి బిర్యానీ. సెలవు రోజుల్లో తినేవారి కుర్చీ వెనకే తర్వాతివారు నిలబడి ఉంటారు. బంతి భోజనాలు ఎరిగిన మనవాళ్లకు అదేమీ కొత్త కాదు.

మాంసాహారులకు మండి మొహల్లాలోని హనుమంతు హోటల్ మరో మజిలీ. 1930లో మొదలైన ఈ హోటల్‌కి పేరు తెచ్చింది మటన్ పలావు. హైదరాబాదీ దమ్ బిర్యానీతో పోల్చుకుంటే నిరాశే. మసాలా దినుసుల ఘాటు తక్కువ, ముక్క రుచి ఎక్కువ.

వంటింట్లో పుట్టి... బజారుకొచ్చి

తీపి లేకుండా విందు పూర్తి కాదు కదా! నాలుగో కృష్ణరాజ ఒడయార్ కాలంలో రాజప్రాసాదంలో కాకాసుర మాదప్ప అనే వంటవాడు ఉండేవాడు. ఓరోజు రాజుగారి పళ్లెంలో తీపికి చోటు ఖాళీగా ఉండటంతో శనగపిండి, నెయ్యి, పంచదారతో అప్పటికప్పుడు ఏదో చేసి పెట్టాడనీ, పేరేంటని రాజు అడిగితే ‘మైసూరు పాక’ అన్నాడనీ చెబుతారు. ఆయన వారసులు నడుపుతున్నదే సయ్యాజీరావు రోడ్డులోని గురు స్వీట్స్. దసరా జంబూ సవారీ సాగేది కూడా ఈ రోడ్డు మీదుగానే. నెయ్యి చేతికంటే ఆ ముక్కలో బయట దొరికే రాతిపలకల గట్టిదనం ఉండదు.

ఆ కొట్టు ఉన్నది దేవరాజ మార్కెట్ భవనంలో. పూలు, తమలపాకులు, కుంకుమ రాశులతో కళకళలాడే ఈ మార్కెట్‌కి శతాబ్దం దాటింది. 2016 ఆగస్టులో అందులో ఓ భాగం కూలిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందే దగ్గర్లోని లాన్స్‌డౌన్ భవనం కూలి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. దాంతో పాతదాన్ని పడగొట్టి కొత్తగా కట్టాలా, బాగుచేసి నిలబెట్టాలా అన్న వాదన మొదలైంది. నిపుణుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. రోజూ వేలమంది తిరిగే చోట ప్రాణభద్రత ముఖ్యమే. కానీ తరాలుగా అక్కడే బతుకుతున్న వ్యాపారులకు ఆ గోడలతో పాటు బేరాలూ పోతాయన్న బెంగ. అందరూ కాకాసుర మాదప్ప వారసులు కారు కదా... చిరునామా మారినా జనం వెతుక్కుంటూ రావడానికి!

ఈ హోటళ్లన్నిటినీ ఇంతకాలం నిలబెట్టింది హంగులు కాదు. నాలుగంటే నాలుగే వంటకాలు, గబగబా ఖాళీ అయ్యే బల్లలు, పొద్దున చేసింది ఆ పూటకే అయిపోవడం. మెనూ పెరగకపోవడమే వాటి బలం.

వెళ్లాలనుకునేవారు ఆదివారం కలిసొచ్చేలా చూసుకోండి. పొద్దున మైలారి దోసె, మధ్యాహ్నం అరిటాకు భోజనం, సాయంత్రం మార్కెట్‌లో ఓ చుట్టు, చేతిలో మైసూర్‌పాక్ పొట్లం. ఆపై ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 7 గంటలకు ప్యాలెస్ మీద దాదాపు లక్ష దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. పొట్లం మాత్రం ఇంటిదాకా మిగలాలంటే రెండు కొనుక్కోవడం మంచిది!