కొత్త ఉత్పత్తి అభివృద్ధిలో పాత దత్తాంశం, రూపకల్పన జ్ఞానం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• దత్తాంశానికి, రూపకల్పన జ్ఞానానికి మధ్య తేడాను వివరించగలుగుతారు.
• పాత రూపకల్పనను కొత్త ఉత్పత్తిలో వాడేటప్పుడు వచ్చే ప్రమాదాన్ని ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• రూపకల్పన జ్ఞానాన్ని భద్రపరచే పద్ధతులను పేర్కొనగలుగుతారు.

1. పరిచయం

కొత్త ఉత్పత్తి అంటే అందులో అంతా కొత్తదేనని అనుకుంటాం. నిజానికి ఏ సంస్థా ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టదు. కొత్త మోటారు సైకిల్ మార్కెట్లోకి వచ్చినప్పుడు అందులోని బేరింగులు, బ్రేకులు, ఒక్కొక్కసారి ఇంజన్ కూడా పాత మోడల్‌వే కావచ్చు. దీనివల్ల ఖర్చు తగ్గుతుంది, సమయం కలిసివస్తుంది. పైగా అవి ఇదివరకే పనిచేసి చూపినవి కాబట్టి నమ్మకం ఉంటుంది. ఈ నమ్మకం ఏ షరతుల మీద ఆధారపడి ఉందో తెలుసుకోవడమే ఈ భాగం ముఖ్యోద్దేశం.

2. దత్తాంశం, జ్ఞానం

డ్రాయింగులు, విడిభాగాల జాబితాలు, పరీక్షా ఫలితాలు, సాఫ్ట్‌వేర్ - ఇవన్నీ దత్తాంశం. ఏమి తయారుచేశారో ఇవి చెబుతాయి. అలాగే ఎందుకు తయారుచేశారు, ఏ పరిస్థితుల కోసం చేశారు, వేరే మార్గాన్ని ఎందుకు వదిలేశారు అన్నది రూపకల్పన జ్ఞానం. ఇందులో కొంత కాగితం మీద ఉంటుంది, కొంత పనిచేసేవారి అనుభవంలోనే ఉండిపోతుంది.

అమెరికా చంద్రయాత్రలకు వాడిన శాటర్న్-5 రాకెట్ మొదటి దశలో ఐదు ఎఫ్-1 ఇంజన్లు ఉండేవి. దశాబ్దాల తరవాత నాసా మార్షల్ కేంద్రంలోని యువ ఇంజనీర్లు ఆ ఇంజన్‌ను మళ్లీ అధ్యయనం చేశారు. డ్రాయింగులు ఉన్నాయి. కాని వెల్డింగు చేసినవారు, భాగాలు అమర్చినవారు ఒక్కో ఇంజన్‌కు అప్పటికప్పుడు చేసిన సర్దుబాట్లు చాలావరకు రికార్డులకు ఎక్కలేదు. అందువల్ల మిగిలి ఉన్న ఇంజన్‌ను విప్పి, భాగాలను స్కాన్ చేసి, కంప్యూటర్ నమూనాలు తయారుచేయవలసి వచ్చింది. దత్తాంశం మిగిలినా జ్ఞానం జారిపోవచ్చని ఇది చూపుతుంది.

3. ఏరియన్-5 ఉదంతం

1996 జూన్ 4న యూరప్ కొత్త రాకెట్ ఏరియన్-5 ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి మొదటిసారి బయలుదేరింది. నిమిషం కూడా గడవకముందే దారి తప్పి, ముక్కలై పేలిపోయింది. క్లస్టర్ అనే నాలుగు శాస్త్రీయ ఉపగ్రహాలు దానితోపాటే నాశనమయ్యాయి.

రాకెట్ స్థితిని, కదలికను కొలిచే వ్యవస్థలోని సాఫ్ట్‌వేర్ ఏరియన్-4 నుంచి తెచ్చినది. అందులో అడ్డదిశ వేగానికి సంబంధించిన ఒక విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేవారు. అలాంటి పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ 32,767. ఏరియన్-4 ప్రయాణమార్గంలో ఆ విలువ హద్దు దాటదు. కంప్యూటర్‌పై పనిభారం 80 శాతం మించకూడదన్న లక్ష్యం కూడా ఉంది. అందువల్ల ఇలాంటి ఏడు విలువల్లో నాలుగింటికి మాత్రమే రక్షణ కల్పించి, మూడింటిని వదిలేశారు. ఏరియన్-4 వరకు ఆ నిర్ణయం వల్ల ఇబ్బంది రాలేదు.

ఏరియన్-5లో అడ్డదిశ వేగం ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. విలువ హద్దు దాటగానే వ్యవస్థ ఆగిపోయింది. తోడుగా ఉంచిన రెండో వ్యవస్థలోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉండటంతో అదీ అప్పటికే ఆగిపోయింది. మరో విషయం గమనించండి: ఆ లెక్క చేస్తున్న కార్యక్రమంతో ఏరియన్-5కు నేల విడిచాక అవసరమే లేదు.

విచారణ సంఘం తేల్చిన విషయం మన పాఠానికి కీలకం. రక్షణ ఎందుకు వదిలేశారన్న కారణం సాఫ్ట్‌వేర్‌లో నేరుగా ఎక్కడా రాసి లేదు. విస్తారమైన పత్రాల మధ్య ఆ ఊహ మరుగునపడింది. ఏరియన్-5 ప్రయాణమార్గపు వివరాలను ఆ వ్యవస్థ అవసరాల పత్రంలో చేర్చలేదు. అంటే సాఫ్ట్‌వేర్ కొత్త రాకెట్‌లోకి వచ్చింది, దాని షరతులు మాత్రం రాలేదు.

4. పాటించవలసిన పద్ధతులు

• కారణం రాయండి: ప్రతి ముఖ్య నిర్ణయం పక్కనే దాని కారణాన్ని, వదిలేసిన మార్గాలను రెండు మూడు వాక్యాల్లో నమోదు చేయాలి.
• హద్దులు రాయండి: ఏ భారం, ఉష్ణోగ్రత, వేగం వరకు ఈ రూపకల్పన చెల్లుతుందో ఆ భాగంతోపాటే కనిపించాలి.
• తిరిగి పరీక్షించండి: పాత భాగాన్ని కొత్త ఉత్పత్తి పరిస్థితుల్లో పరీక్షించాలి. అవసరం లేనిదాన్ని తొలగించాలి.
• అనుభవాన్ని అందుకోండి: అనుభవజ్ఞులు పదవీ విరమణ చేసేలోపే వారి పక్కన కొత్తవారిని కూర్చోబెట్టాలి.

ఇన్ని రాతలకు సమయం ఎక్కడిదని మీరు అడగవచ్చు. అన్నీ రాయనక్కరలేదు. మారితే ప్రమాదం తెచ్చే ఊహలను ముందుగా రాస్తే చాలు. ఎక్కువ పత్రాలు ఉన్నంత మాత్రాన జ్ఞానం భద్రంగా ఉన్నట్లు కాదని పై ఉదంతమే చెబుతోంది.

5. సారాంశం

పాత దత్తాంశం విలువైన ఆస్తి. అయితే అది ఏ పరిస్థితుల్లో పనిచేసిందో తెలిసినప్పుడే కొత్త ఉత్పత్తికి ఉపకరిస్తుంది. "ఇదివరకు పనిచేసింది" అన్న మాట వినిపించినప్పుడు "ఏ పరిస్థితుల్లో?" అని అడగడం మీ బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎఫ్-1 ఇంజన్ డ్రాయింగులు ఉన్నా ఇంజన్‌ను ఎందుకు విప్పవలసి వచ్చింది?
2. ఏరియన్-5లో రెండో వ్యవస్థ ఎందుకు ఆదుకోలేకపోయింది?
3. మీరు పనిచేసే చోట గాని, దగ్గరలోని వర్క్‌షాపులో గాని ఒక పరికరాన్ని ఎంచుకోండి. అది అలాగే ఎందుకు ఉందో అక్కడివారిని అడిగి, వారు చెప్పినదాంట్లో ఎంత రాతలో ఉందో గుర్తించండి.