మినిట్సు పుస్తకము: సంస్థకు సాక్షి

మన భాషా సంఘములు నడుపు పాఠశాలలలో సమావేశములకు కొరత లేదు. భవన నిధి, ఉపాధ్యాయ నియామకము, బల్లల కొనుగోలు మొదలగు విషయములు కార్యవర్గము ఎదుటికి వచ్చుచునే యుండును. పెద్దలు చర్చింతురు, నిర్ణయింతురు, ఇండ్లకు పోవుదురు. పదేండ్ల పిమ్మట ఆ నిర్ణయ మెట్లు జరిగినదని ఎవరైన అడిగినచో, బదులు చెప్పగలిగినది మినిట్సు పుస్తక మొక్కటియే. దానిని వ్రాయు పద్ధతిని తల్లిదండ్రులకు వివరింపదలచితిమి. ఏలయన నేటి తల్లిదండ్రులలో కొందరు రేపటి కార్యవర్గ సభ్యులు.

ఈ విషయమున కంపెనీల డైరెక్టర్ల బోర్డులు పాటించు నియమములు మనకు మంచి మాదిరి. 2013 నాటి కంపెనీల చట్టము 118వ సెక్షను ప్రకారము బోర్డు సమావేశపు మినిట్సు 30 దినములలోగా పుస్తకమున కెక్కవలెను. భారత కంపెనీ సెక్రటరీల సంస్థవారి ప్రమాణము ననుసరించి చిత్తుప్రతి 15 దినములలో డైరెక్టర్లకు అందవలెను. అందిన 7 దినములలో వారు తమ అభిప్రాయము తెలుపవలెను. మరపు కమ్ముకొనక మునుపే వ్రాత ముగియవలెనని దీని ఉద్దేశము. మన సంఘములలో పెక్కు సొసైటీలుగా రిజిష్టరైనవి గనుక ఈ సెక్షను వానికి నేరుగా వర్తింపదు. అయినను ఇందలి వివేకము ఏ సంస్థకైనను పనికివచ్చును.

మినిట్సు అనగా ఎవరేమి పలికిరో పొల్లుపోకుండ వ్రాయుట కాదు. జరిగిన కార్యమును నిష్పక్షపాతముగ సంగ్రహించుట. తేదీ, వేళ, స్థలము, హాజరైన వారి పేర్లు, కోరము కలదా లేదా యను సంగతి, ప్రతి అంశముపై నిర్ణయము, దానికి ముఖ్యకారణము ఉండవలెను. తీర్మానముతో ఏకీభవింపని వారి పేర్లను తప్పక వ్రాయవలెను. ఎవరి బంధువైన సంస్థకు సరకు అమ్మజూపినచో, ఆ సభ్యుడు తన సంబంధమును తెలిపి చర్చనుండి తొలగెనని కూడ వ్రాయవలెను. ఎత్తిపొడుపులకు, పరనిందకు, అప్రస్తుత ప్రసంగములకు ఇందు తావులేదు.

తీర్మానము స్పష్టముగ నుండవలెను. "పైకప్పు మరమ్మతు విషయము చర్చింపబడినది" అని వ్రాసిన ఎవరికిని ప్రయోజనము లేదు. "పైకప్పు మరమ్మతునకు 40,000 రూపాయలకు మించకుండ వ్యయపరచుటకు కార్యదర్శికి అధికార మీయనైనది, పని సెప్టెంబరు నెలాఖరులోగా ముగించి లెక్కలు సమర్పింపవలెను" అని వ్రాసినచో ఎవరు, ఎంతలో, ఎప్పటికి అనునవి మూడును తేలును. మరుసటి సమావేశమున దానినే చేతబట్టుకొని, పని జరిగినదా యని అడుగవచ్చును.

పుస్తకమును కాపాడుటయు ముఖ్యమే. పుటలకు వరుస సంఖ్యలు వేయవలెను. విడికాగితములు అతికింపరాదు. ప్రతి పుటపై అధ్యక్షుని పొట్టి సంతకము, చివరి పుటపై తేదీతో పూర్తి సంతకము ఉండవలెను. ఎక్కించిన పిదప మార్పు అవసరమైనచో తరువాతి సమావేశపు ఆమోదముతోనే చేయవలెను. కంపెనీ మినిట్సును తారుమారు చేసినవారికి 2 సంవత్సరముల వరకు కారాగారము, 25,000 మొదలు లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. సక్రమముగ నుంచిన మినిట్సును అదే చట్టము సాక్ష్యముగ గైకొనుచున్నది.

మన పాఠశాలలకు ఈ సాక్ష్యము మరింత విలువైనది. రాజ్యాంగము 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నొసగినది. అయితే నిర్వహణ హక్కులో దుర్నిర్వహణ హక్కు ఇమిడియుండదని సుప్రీంకోర్టు 1958లో కేరళ విద్యాబిల్లు వ్యవహారమున స్పష్టపరచినది. నియామకము న్యాయముగ జరిగినదనియు, విరాళము ఉద్దేశించిన పనికే వినియోగపడినదనియు నోటిమాటతో రుజువు కాదు. నిర్ణయించిన పెద్దలు నేడో రేపో తప్పుకొందురు, పత్రము నిలుచును.

తెలుగున మినిట్సు వ్రాయు సంఘములు, స్థానిక కార్యాలయముల అవసరమునకై ముఖ్య తీర్మానముల అనువాదమును గూడ సిద్ధముగ నుంచుకొనుట మేలు.

తల్లిదండ్రులకు మా మనవి ఇది: సర్వసభ్య సమావేశమునకు వచ్చునపుడు జమాఖర్చుల పట్టికతో తృప్తిపడక, గత సమావేశపు మినిట్సును చదివి వినిపింపుమని అడుగుడు. అది అవిశ్వాసము కాదు. మన పిల్లల బడిని పదికాలములు నిలుపుకొనుటకు చేయు సాయము.